అమ్మ ఒడే మొదటి బడి
ఆటిజం ఉన్న చిన్నపిల్లలకు ఇంటి నుంచే తోడ్పాటు: ఒక పాఠం



ప్రతి ఏడాది ఈ సంచికలో స్కాలర్‌షిప్పుల లెక్క చూస్తాం, వితంతువుల నెలసరి సాయం చూస్తాం, రంజాన్ రేషన్ వివరాలు చూస్తాం. ఈసారి ఏ పట్టికలోనూ సరిగా ఇమడని కొందరు పిల్లల గురించి రాయమని పెద్దలు మాకు చెప్పారు. మూడేళ్ళు నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడని పిల్లలు. బొమ్మ కారుతో ఆడకుండా దాని చక్రాన్నే గంటసేపు తిప్పుతూ కూర్చునే పిల్లలు. నిన్నటి దాకా చెప్పిన నాలుగు మాటలు ఇవాళ మరచిపోయిన పిల్లలు. బషీర్‌బాగ్, ఆబిడ్స్, నాంపల్లి గల్లీల నుంచి వీళ్ళ తల్లిదండ్రులు సాయం కోసం వస్తున్నారు. వాళ్ళు తెచ్చే కాగితం మీద ఎక్కువగా ఒకే పద్దు ఉంటుంది: థెరపీ ఫీజు.

ఆ ఫీజు కట్టడం మంచి పనే. కానీ అది ఒక్కటే కట్టి ఊరుకుంటే సగం పని కూడా కాదు. మిగతా పని ఎక్కడ జరగాలి, ఎవరు చేయాలి, దానికి మన సొమ్ము ఎలా ఉపయోగపడాలి అన్నదే ఈ పాఠం.

ముందుగా మా తప్పు

మేము బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. బీఈడీలో బాలల మనస్తత్వ శాస్త్రం చదివాం, పరీక్ష రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. అయినా చాలా ఏళ్ళ క్రితం ఒకటో తరగతిలో చేరిన ఒక బాబును మేము అర్థం చేసుకోలేదు. పాఠం చెబుతుంటే వాడు తిరిగే ఫ్యాన్ వైపే చూసేవాడు. గంట కొడితే చెవులు మూసుకుని కేకలు పెట్టేవాడు. మేము వాణ్ణి చివరి బెంచీకి పంపాం. తల్లిని పిలిపించి, "ఇంట్లో గారాబం ఎక్కువైనట్టుంది, కాస్త క్రమశిక్షణ నేర్పండి" అని నలుగురి ముందూ అన్నాం. ఆమె తల వంచుకుని విన్నది. మరుసటి జూన్‌లో ఆ బాబు బడికి రాలేదు. మేమూ అడగలేదు.

చాలా కాలం తర్వాత ఒక ఆదివారం, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర ఆమె మమ్మల్ని గుర్తుపట్టి సలాం చెప్పింది. పక్కన మీసకట్టు వచ్చిన ఆ అబ్బాయి పుస్తకాలను సైజు ప్రకారం వరుసగా సర్దుతున్నాడు. దుకాణం అతను ఏమీ అనలేదు, అలవాటైనట్టుంది. మేము సిగ్గుపడుతూనే అడిగాం, ఎలా నేర్పారమ్మా అని. ఆమె అన్న మాట ఇది: "వాడికి మాట్లాడడం నేర్పే ముందు, నేను మాట్లాడకుండా ఆగడం నేర్చుకున్నాను టీచర్ గారూ."

ఆ మాట అప్పుడు మాకు పూర్తిగా అర్థం కాలేదు. తర్వాత చదివి తెలుసుకున్నాం. మేము రాస్తున్నదంతా ఆ ఒక్క వాక్యానికి వివరణే.

ఆటిజం అంటే ఏమిటి

ఆటిజం జ్వరంలాగా వచ్చి పోయే జబ్బు కాదు. బిడ్డ మెదడు ఎదుగుదలలోనే ఉన్న తేడా. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను గమనించి దీన్ని మొదట వివరంగా రాశారు. ముఖ్యంగా రెండు చోట్ల ఈ తేడా కనిపిస్తుంది. ఒకటి, ఇతరులతో చూపు, సైగ, మాట కలపడం కష్టం కావడం. రెండు, ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయడం, మార్పును తట్టుకోలేకపోవడం, శబ్దం, వెలుతురు, స్పర్శ మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో అనిపించడం. ఈ లక్షణాలు ఒకరిలో కొద్దిగా ఉంటాయి, మరొకరిలో తీవ్రంగా ఉంటాయి. ఇద్దరు పిల్లలు ఒకేలా ఉండరు.

ఇది ఎక్కడో విదేశాల్లో ఉండే సంగతి అని కొందరు అనుకుంటారు. మన దేశంలో ఐదు ప్రాంతాల్లో 2 నుంచి 9 ఏళ్ళ పిల్లలను పరీక్షించి చేసిన పెద్ద అధ్యయనం 2018లో వెలువడింది. ఆ ఐదింటిలో మన హైదరాబాద్ ఒకటి. సుమారు నూటికి ఒక బిడ్డలో ఆటిజం ఉందని అందులో తేలింది. అంటే వెయ్యి మంది పిల్లలున్న మొహల్లాలో పదిమంది. వాళ్ళు మనకు కనపడకపోతే లేరని కాదు, ఇంట్లో దాచి ఉంచుతున్నారని అర్థం.

ఇది ఎవరి తప్పూ కాదు

తల్లికి ప్రేమ తక్కువైతే బిడ్డ ఇలా అవుతాడని ఒకప్పుడు పాశ్చాత్య దేశాల వైద్యులే చెప్పారు. వేలమంది తల్లులను ఏడిపించిన ఆ సిద్ధాంతం అబద్ధమని తేలిపోయి దశాబ్దాలు దాటింది. ఇందులో జన్యువుల పాత్ర పెద్దది. నజర్ తగలడం వల్ల కాదు, తల్లి ఉద్యోగానికి వెళ్ళడం వల్ల కాదు, ఫోన్ చూపించడం వల్ల కూడా కాదు.

టీకాల వల్ల వస్తుందన్న మాట ఇప్పటికీ మన ఇళ్ళలో వినిపిస్తుంది. 1998లో ఒక బ్రిటిష్ వైద్యుడు రాసిన వ్యాసంతో అది ఊరూరా పాకింది. ఆ వ్యాసాన్ని ప్రచురించిన లాన్సెట్ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. ఆ వైద్యుడి పేరును బ్రిటన్ వైద్యుల జాబితా నుంచి తొలగించారు. డెన్మార్క్‌లో 6 లక్షల 50 వేల మందికి పైగా పిల్లలను గమనించి 2019లో ప్రకటించిన అధ్యయనంలోనూ తట్టు టీకాకూ ఆటిజానికీ సంబంధం కనపడలేదు. కాబట్టి ఆటిజం భయంతో టీకా మానిపించడం బిడ్డకు రెండో అన్యాయం.

ఎప్పుడు అనుమానించాలి

ఏడాది నిండిన బిడ్డ పేరు పిలిస్తే తిరగాలి. ఏడాదిన్నరకు తనకు నచ్చింది వేలితో చూపించాలి, చూపించి మన ముఖం వైపు చూడాలి. "అమ్మీ, ఆ పిట్టను చూడు" అని నోటితో అనలేకపోయినా వేలితోనూ కళ్ళతోనూ అనాలి. మాటల కంటే ముందు వచ్చేది ఈ వేలు. ఇవి లేకపోతే, లేదా వచ్చిన మాటలు పోతే, వెంటనే చూపించాలి. ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి, ఎందుకంటే చెవి వినపడని బిడ్డ కూడా పిలిస్తే తిరగడు.

మన ఇళ్ళలో దాదీ అంటుంది, "వీళ్ళ అబ్బా కూడా నాలుగేళ్ళకే మాట్లాడాడు, ఏం కాదు" అని. పెద్దావిడ ధైర్యం చెప్పడం కోసమే అంటుంది. ఆవిడ మాటను కొట్టిపారేయనక్కరలేదు. "ఇన్షా అల్లాహ్ మీరన్నట్టే కావాలి దాదీ, అయినా ఒకసారి చూపించి వద్దాం" అంటే సరిపోతుంది. చూపిస్తే పోయేదేమీ లేదు. ఆగితే పోయేది మెదడు వేగంగా ఎదిగే వయసు.

84 గంటల లెక్క

లెక్కల పాఠం ఒకటి. వారానికి 168 గంటలు. చిన్నబిడ్డ రోజుకు 12 గంటలు నిద్రపోతాడనుకున్నా 84 గంటలు మెలకువగా ఉంటాడు. మనం ఫీజు కట్టే థెరపీ వారానికి రెండుసార్లు, ముప్పావు గంట చొప్పున అనుకుందాం. అంటే గంటన్నర. మిగిలిన 82 గంటల 30 నిమిషాలు ఎవరి దగ్గర? తల్లి దగ్గర, నానీ దగ్గర, అన్నదమ్ముల దగ్గర.

ఆ గంటన్నరలో తల్లి తలుపు బయట కుర్చీలో కూర్చుంటే, లోపల ఏం జరిగిందో ఆమెకు తెలియదు. ఇంటికొచ్చాక ఏం చేయాలో ఎవరూ చెప్పరు. అదే తల్లిని లోపల కూర్చోబెట్టి నేర్పితే ఆ 82 గంటల్లో కొంతైనా పాఠం అవుతుంది. థెరపిస్టు అవసరం లేదని మేము అనడం లేదు. దారి చూపేది వాళ్ళే. కానీ రోజూ ఆ దారిలో బిడ్డ చెయ్యి పట్టుకుని నడిచేది ఇంటివాళ్ళు.

గోవా, రావల్పిండి చెప్పిన సంగతి

ఇది మా సొంత ఊహ కాదు. బ్రిటన్‌లో 2 నుంచి 4 ఏళ్ళ పిల్లలు 152 మందితో ఒక పద్ధతిని పరీక్షించారు. తల్లీ బిడ్డా ఆడుకుంటుండగా వీడియో తీస్తారు. తర్వాత తల్లీ శిక్షకురాలూ కలిసి దాన్ని చూస్తారు. బిడ్డ ఎక్కడ తల్లి వైపు చూశాడు, తల్లి ఎక్కడ ఆగింది, ఎక్కడ తొందరపడింది అని గమనిస్తారు. దాదాపు ఆరేళ్ళ తర్వాత ఆ పిల్లల్లో 121 మందిని మళ్ళీ పరీక్షిస్తే మేలు ఇంకా నిలిచి ఉందని 2016లో ప్రకటించారు.

అదే పద్ధతిని మన ప్రాంతానికి తగినట్టు మార్చి భారత్‌లోని గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో చేసి చూశారు. నేర్పినవాళ్ళు పెద్ద డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. బిడ్డ ధ్యాసకు తగినట్టు స్పందించడం తల్లిదండ్రుల్లో బాగా పెరిగింది, బిడ్డ తనంతట తాను తల్లిదండ్రులను పలకరించడమూ పెరిగింది. ఇద్దరూ ఒకే వస్తువు మీద ధ్యాస నిలిపే సమయం మాత్రం పెరగలేదు సరికదా తగ్గింది. అది కూడా దాచకుండా చెప్పారు కాబట్టే ఆ అధ్యయనం మీద మాకు నమ్మకం. ఇది మంత్రం కాదు, చికిత్సతో మాయమయ్యే జబ్బూ కాదు. మెల్లగా జరిగే మేలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2 నుంచి 9 ఏళ్ళ పిల్లల కుటుంబాల కోసం ఇలాంటి శిక్షణే తయారు చేసి 2022లో అందరికీ అందుబాటులో ఉంచింది. 9 సామూహిక పాఠాలు, 3 ఇంటి సందర్శనలు. డాక్టర్ ఇచ్చిన నిర్ధారణ చీటీ చేతికి రాకముందే మొదలుపెట్టవచ్చు.

మన దేశంలో ఈ బాట వేసినవాళ్ళూ తల్లిదండ్రులే. మేరీ బారువా అనే తల్లి తన కొడుకు కోసం వెతికి వెతికి, 1991లో ఢిల్లీలో యాక్షన్ ఫర్ ఆటిజం సంస్థను ప్రారంభించారు. తల్లినీ బిడ్డనూ కలిపి కూర్చోబెట్టి నేర్పడం ఆ సంస్థ ప్రత్యేకత.

ఇంట్లో చేయవలసిన పాఠాలు

ఇక అసలు విషయం. వీటికి ఖరీదైన బొమ్మలు అక్కరలేదు. రోజుకు రెండుసార్లు, పది పదిహేను నిమిషాలు చాలు. టీవీ కట్టేయాలి, ఫోన్ పక్క గదిలో పెట్టాలి.

మొదటి పాఠం: ఎదురుగా కింద కూర్చోండి. బిడ్డ స్టీలు డబ్బా మూత తిప్పుతున్నాడు. మూత లాక్కోవద్దు. "ఇదేంటి? రంగేంటి? ఒకటి రెండు చెప్పు" అని పరీక్ష పెట్టవద్దు. మీరూ ఇంకో మూత తీసుకుని వాడి ముఖం కనిపించేలా ఎదురుగా కూర్చుని తిప్పండి. "గిర్ గిర్" అనండి. వాడు ఒక్క క్షణం మీ మూత వైపు చూసి, తర్వాత మీ వైపు చూస్తాడు. నవ్వండి. మాట రాకపోయినా మీ ఇద్దరి మధ్యా జరిగిన మొదటి సంభాషణ అదే.

రెండో పాఠం: ఆగండి. మన తల్లులకు బిడ్డ అడగకముందే అన్నీ అందించడం అలవాటు. అది ప్రేమే. కానీ అడిగే అవసరమే రాని బిడ్డ అడగడం ఎలా నేర్చుకుంటాడు? ఒక మాట అనండి, మనసులో ఐదు లెక్కపెట్టండి, వాడి ముఖమే చూడండి. ఆ ఐదు అంకెల మధ్యలో ఒక చూపు, ఒక కదలిక, ఒక చిన్న శబ్దం రావచ్చు. రాకపోతే మీరే మళ్ళీ మొదలుపెట్టండి. ఆబిడ్స్‌లో ఆ తల్లి చెప్పిన ఆగడం ఇదే.

మూడో పాఠం: మాట చిన్నది చేయండి. "దా బేటా, ఎండగా ఉంది కదా, మంచిగా కూర్చుని నీళ్ళు తాగు" అంటే అందులో నీళ్ళు ఎక్కడున్నాయో బిడ్డకు దొరకదు. గ్లాసు చూపించి "పానీ" అనండి. మాటలు లేని బిడ్డతో ఒక మాట. ఒక మాట అనే బిడ్డతో రెండు మాటలు: "చల్లటి పానీ". ఎప్పుడూ వాడి కంటే ఒక్క మెట్టు పైన ఉండాలి, పది మెట్లు కాదు.

నాలుగో పాఠం: అడగడానికి కారణం కల్పించండి. ఉస్మానియా బిస్కెట్ ఇష్టమా? కనిపించే డబ్బాలో వేసి మూత గట్టిగా బిగించి ఇవ్వండి. తీయలేక మీ చెయ్యి పట్టి లాగుతాడు. అదే అడగడం. వెంటనే తీసి ఇవ్వండి, "బిస్కెట్" అనండి. "నోటితో చెబితేనే ఇస్తా" అని ఏడిపించకండి. ఇవాళ చెయ్యి లాగాడు, కొన్నాళ్ళకు వేలు చూపిస్తాడు, తర్వాత ఒక శబ్దం, ఆ తర్వాత మాట రావచ్చు. మాట ఆలస్యమయ్యే పిల్లలకు గ్లాసు, ప్లేటు, బాత్రూం ఫొటోలు ఫోన్‌తో తీసి, అచ్చు వేయించి, గోడకు తగిలించండి. ఫొటో చూపించి అడగడం అలవాటైతే మాటలు రావని కొందరు భయపడతారు. అలా జరగదు, చాలామందికి అది మాటకు ఆసరా అవుతుంది.

ఐదో పాఠం: రోజువారీ పనులే పాఠ్యపుస్తకం. ఈ పిల్లలకు ఒకే వరుస ఇష్టం. మన ఇళ్ళలో అలాంటి వరుసకు కొదవ లేదు. వుజూ చూడండి: చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల దాకా చేతులు, తల, పాదాలు. ఏ రోజైనా అదే క్రమం. పెద్దవాళ్ళు వుజూ చేస్తుంటే బిడ్డను పక్కన నిలబెట్టుకుని ఒక్కో పనికి ఒక్కో మాట చెప్పండి. నెల రోజుల తర్వాత "ముక్కు" అన్నాక ఆగండి. ముఖం మీద చెయ్యి వాడే పెట్టుకుంటాడు. దస్తర్‌ఖాన్ పరవడం, మెట్లు దిగడం, స్నానం, అన్నీ ఇలాంటి పాఠాలే.

ఆరో పాఠం: కోపం కంటే ముందు కారణం. బిడ్డ నేల మీద పడి గుద్దుకుంటుంటే అది మొండితనం అనుకోకండి. నోట్‌బుక్‌లో మూడు గళ్ళు గీయండి: అంతకు ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, ఆ తర్వాత మనం ఏం చేశాం. వారం రోజులు రాస్తే చాలాసార్లు మూలం దొరుకుతుంది. మిక్సీ శబ్దం కావచ్చు, కొత్త చొక్కా మెడ దగ్గరి లేబుల్ కావచ్చు, చెప్పలేని పంటి నొప్పి కావచ్చు. కొడితే భయం నేర్చుకుంటాడు, మాట నేర్చుకోడు.

ఏ భాషలో మాట్లాడాలి

మన ఇళ్ళలో ఇది నిజమైన చిక్కు. ఇంట్లో ఉర్దూ, గల్లీలో తెలుగు, బడిలో ఇంగ్లిష్. "బిడ్డ తికమకపడుతున్నాడు, ఇంట్లో ఇంగ్లిష్ మాత్రమే మాట్లాడండి" అని కొందరు సలహా ఇస్తారు. దాంతో ఇంగ్లిష్ సరిగా రాని అమ్మీ నోరు మూసుకుంటుంది, నానీ మూగదవుతుంది. బిడ్డకు దొరికే మాటలే తగ్గిపోతాయి. రెండు భాషల మధ్య పెరగడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు నష్టం జరుగుతుందని అధ్యయనాల్లో తేలలేదు. తల్లి ఏ భాషలో నవ్వుతుందో, ఏ భాషలో జోలపాడుతుందో ఆ భాషే మాట్లాడాలి. "బిస్కెట్" అన్నా "పానీ" అన్నా "అన్నం" అన్నా బిడ్డకు కావలసింది ఆ మాట వెనక ఉన్న ముఖం.

తండ్రి సౌదీలోనో దుబాయ్‌లోనో ఉన్న ఇళ్ళు మనలో చాలా. వీడియో కాల్‌లో "సలాం చెప్పు, సలాం చెప్పు" అని పదిసార్లు అడిగితే బిడ్డ లేచి వెళ్ళిపోతాడు, తండ్రి మనసు విరుగుతుంది. ఆయన కూడా అక్కడ ఒక మూత తిప్పి చూపించి "గిర్ గిర్" అని ఆగితే? ఆ పాఠం సముద్రం అవతలి నుంచి కూడా చెప్పవచ్చు.

నుమాయిష్‌కు, షాదీలకు తీసుకెళ్ళడం

1938లో మొదలైన మన నాంపల్లి నుమాయిష్ జనవరి వస్తే ఊరంతటికీ పండుగ. ఈ పిల్లలున్న ఇంటికి మాత్రం భయం. మైకులు, దీపాలు, జనం అన్నీ ఒకేసారి మీద పడితే బిడ్డ తట్టుకోలేడు. అలాగని ఇంట్లో తాళం వేయడం పరిష్కారం కాదు. ముందు రోజే ఫొటోలు చూపించండి: ఆటో, గేటు, రైలు, ఇల్లు. రద్దీ లేని రోజున, తెరిచిన కాసేపటికే వెళ్ళండి. చెవులకు గుడ్డ కట్టండి. జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. అరగంట ఉండి, ఏడుపు మొదలవ్వకముందే బయటికి రండి. మొదటి ఏడాది అంతే చాలు.

షాదీఖానాల్లో మనం చేయగలిగేది ఇంకా తేలిక. ఒక బిడ్డ చెవులు మూసుకుని అరుస్తుంటే తల్లి వైపు గుచ్చి గుచ్చి చూడకండి. "ఆపా, అటు పక్క నిశ్శబ్దంగా ఉంది, అక్కడ కూర్చోండి, ప్లేటు నేను తెస్తాను" అనండి. ఇది కూడా సదఖానే.

తల్లికీ తోడు కావాలి

తల్లికి నేర్పాలి అన్నామంటే భారమంతా తల్లి మీద వేయమని కాదు. మేము ఒకప్పుడు ఒక తల్లిని నిందించాం. ఇప్పుడు "నువ్వు సరిగా ఆడించడం లేదు" అని ఇంకో రకంగా నిందిస్తే అదే తప్పు మళ్ళీ చేసినట్టు. రాత్రి మూడుసార్లు లేచే బిడ్డ ఉన్న తల్లికి ముందు నిద్ర కావాలి. వంట పని, చిన్నబిడ్డ పని ఇంకొకరు పంచుకోవాలి. నాన్న, దాదీ, మామూ కూడా పాఠం నేర్చుకోవాలి. అన్నింటికీ మించి, ఇలాంటి ఇంకో తల్లిని కలవాలి. తనకొక్కదానికే ఇలా జరిగిందన్న బాధ ఆ గదిలో సగం తగ్గుతుంది.

ఎక్కడికి వెళ్ళాలి

మన అదృష్టం, ఈ రంగంలో దేశానికే ముఖ్యమైన సంస్థ మన జంటనగరాల్లో ఉంది. 1984లో ఏర్పడి, ఇప్పుడు నీపిడ్ అని పిలిచే జాతీయ సంస్థ సికింద్రాబాద్ దాటి బోయిన్‌పల్లిలో, మనోవికాస్ నగర్‌లో ఉంది. ఆటిజం తీవ్రతను కొలిచే 40 ప్రశ్నల భారతీయ కొలమానం తయారైంది అక్కడే. దేశంలో వైకల్యం సర్టిఫికెట్‌కు వాడేది అదే. పుట్టినప్పటి నుంచి ఆరేళ్ళ దాకా పిల్లల కోసం 2021 జూన్‌లో దేశవ్యాప్తంగా తెరిచిన 14 ముందస్తు తోడ్పాటు కేంద్రాల్లో ఒకటి అక్కడ ఉంది. మన హైదరాబాదీ అలీ యావర్ జంగ్ పేరు మీద ఉన్న వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా మనోవికాస్ నగర్‌లోనే ఉంది. ఇంటికి దగ్గరగా మొదలుపెట్టాలంటే నీలోఫర్ ఆసుపత్రి పిల్లల డాక్టర్లను అడగవచ్చు.

హక్కులు కూడా తెలుసుకోవాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఒకటి. సర్టిఫికెట్ ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య హక్కు. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు ఖర్చు వస్తుంది. వైకల్యం గుర్తింపు కార్డు, ఈ బీమా ఫారాలు నింపలేక ఆగిపోయిన కుటుంబాలు మనలో ఎన్నో.

దాతలకు మా విన్నపం

ఫీజు సాయం ఆపమని మేము అనడం లేదు. దానికి ఒక షరతు జోడించమంటున్నాం: తల్లిదండ్రుల్లో ఒకరిని లోపల కూర్చోబెట్టి నేర్పే చోటికే మన సొమ్ము వెళ్ళాలి. ఆపైన ఐదు పనులు మన చేతిలో ఉన్నాయి.

1. బషీర్‌బాగ్‌లోనే ఒక గది. ఒక తివాచీ, నాలుగు స్టీలు డబ్బాలు, వారానికి రెండు ఉదయాలు చాలు.
2. మన మొహల్లాల నుంచే ఇద్దరు చదువుకున్న అమ్మాయిలకు మంచి సంస్థలో శిక్షణ ఇప్పించి, జీతం ఇచ్చి, ఇళ్ళకు పంపడం. గోవాలో, రావల్పిండిలో పని చేసింది ఇలాంటి వాళ్ళే.
3. బోయిన్‌పల్లి దాకా వెళ్ళి రావడానికి దారి ఖర్చు. ఆటో డబ్బులు లేక మానేసిన తల్లిని బద్ధకస్తురాలు అనకూడదు.
4. తల్లి పాఠం వినేటప్పుడు మిగతా పిల్లలను చూసుకునే ఒక ఖాలా.
5. ఫారాలు నింపిపెట్టే ఒక వాలంటీరు.

ఇక డబ్బు ఇవ్వకూడనివి. "మూడు నెలల్లో పూర్తిగా నయం" అనే ప్యాకేజీలకు, ఇంజెక్షన్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స సిఫారసు చేయదగినది కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. ఇల్లు తాకట్టు పెట్టి అలాంటి చోట కట్టిన తండ్రులను మేము చూశాం.

జకాత్ సొమ్ము, సదఖా సొమ్ము వేటికి ఎలా వాడాలో ఉలమాలను అడిగి తేల్చుకోవాలి. అది మా పాఠం పరిధి కాదు. లెక్క అడిగే పద్ధతి మాత్రం మార్చుకుందాం. "ఎంతమంది పిల్లలకు సాయం చేశారు?" అనేకాక, "ఎంతమంది తల్లులు చివరి పాఠం దాకా వచ్చారు? ఎంతమంది బిడ్డలు వేలు చూపించడం మొదలుపెట్టారు?" అని కూడా అడుగుదాం. ఈ వ్యాసంతో పిల్లల ఫొటోలు వేయలేదు. అది పొరపాటు కాదు. వాళ్ళు పెద్దవాళ్ళవుతారు, వాళ్ళకూ పరువుంటుంది.

చివరి మాట

దివ్య ఖుర్ఆన్‌లో 80వ సూరా 'అబస' అవతరించిన సందర్భం మనందరికీ తెలుసు. మక్కా పెద్దలతో మాటలు సాగుతున్న వేళ తెలుసుకోవాలని వచ్చిన ఒక అంధుడి సంగతి అది. ఎవరి వైపు ముఖం తిప్పాలో ఆ సూరా మనకు నేర్పింది. ఆయనే, అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి), తర్వాత మదీనాలో అజాన్ ఇచ్చారు.

మనం మాట్లాడుకుంటున్న పిల్లలు పిలిస్తే ముఖం తిప్పరు. అందుకే ముందు మనమే తిప్పాలి. మేము ఒకప్పుడు చివరి బెంచీకి పంపిన బాబు వైపు అప్పుడు తిప్పలేకపోయాం. ఇప్పుడు మన గల్లీల్లో ఉన్న పిల్లలకు రెండేళ్ళు, మూడేళ్ళు. వాళ్ళకు ఇంకా సమయం ఉంది.

ఇంటిపని, ఎప్పటిలాగే బడి పద్ధతిలో: ఈ వారం మీ ఇంట్లో, మీ బంధువుల్లో, మీ భవనంలో ఇలాంటి బిడ్డ ఉన్న ఒక తల్లిని కలవండి. సలహా ఇవ్వకండి. కింద కూర్చుని, ఆ బిడ్డతో పాటు ఒక మూత తిప్పండి. తర్వాత మనసులో ఐదు లెక్కపెట్టండి.

అల్లాహ్ మన పిల్లలందరికీ మేలు చేయుగాక, వాళ్ళ తల్లిదండ్రులకు ఓర్పునూ తోడునూ ప్రసాదించుగాక. ఆమీన్.